పాత గోడకు కొత్త గది

నేను నివసించేది వైశాలిలో. బుద్ధుడు పలుమార్లు విడిది చేసిన, లిచ్ఛవుల గణరాజ్యానికి ముఖ్యపట్టణమైన బీహారులోని వైశాలి కాదు. ఢిల్లీ సరిహద్దు దాటిన వెంటనే, గాజియాబాదు అభివృద్ధి సంస్థ సెక్టార్లుగా విభజించి రూపొందించిన వైశాలి. 2011లో మెట్రో రైలు ఇక్కడి దాకా వచ్చింది. ప్రతి ఉదయం నావంటి ఉద్యోగులు వేలమంది ఆ రైలెక్కి ఢిల్లీ నడిబొడ్డున ఉన్న పాత కట్టడాలలోని కార్యాలయాలకు వెళతారు. సాయంత్రం తిరిగి వస్తారు. పురాతనమైన పేరు పెట్టుకున్న ఈ కాలనీలో చరిత్ర విద్యార్థి ఆగి చూడదగిన పాత గోడ ఒక్కటైనా ఇంతవరకు నా కంటపడలేదు. ఇక్కడ ముప్ఫై ఏళ్ల అపార్టుమెంటును చూపి, అది చాలా పాతదని చెబుతారు.

అసలు వైశాలిని నేను ఒకసారి ఉద్యోగరీత్యా పాట్నా వెళ్లినప్పుడు చూశాను. అక్కడ 1958లో ప్రారంభమైన తవ్వకాలలో బయటపడిన ధాతుస్తూపం ఉంది. మొదట అది సుమారు 8 మీటర్ల వ్యాసం గల చిన్న మట్టిదిబ్బ. తరవాతి శతాబ్దాలలో దానిని నాలుగుసార్లు పెంచారు. పెంచినవారు లోపలి మట్టిస్తూపాన్ని తొలగించలేదు. దాని చుట్టూ కాల్చిన ఇటుకలతో ఒక పొర కట్టారు. ఆ తరవాత వచ్చినవారు మరొక పొర చేర్చారు. సాంచీలోనూ ఇంతే. అశోకుని నాటి ఇటుక స్తూపాన్ని శుంగుల కాలంలో రాతితో కప్పి దాదాపు రెట్టింపు చేశారు. లోపలిది లోపలే ఉన్నది. అందుకే ఇరవై రెండు శతాబ్దాల అనంతరం పురావస్తు శాస్త్రజ్ఞుడు పొర తరవాత పొరను చదవగలిగాడు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మన ఆంధ్రదేశంలోనే ఉన్నది. అమరావతి మహాస్తూపం శాతవాహనుల కాలంలో అంచెలంచెలుగా పెరిగింది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణాన్ని నిర్మింపజేస్తున్నప్పుడు ఆ దిబ్బ రాళ్ల గనిగా మారింది. కాలిన్ మెకంజీ చూసేనాటికే చెక్కడపు పలకలు తరలిపోతున్నాయి. కొన్ని కొత్త కట్టడాలలో కలిసిపోయాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. మిగిలినవాటిలో చాలా భాగం నేడు చెన్నై, లండను మ్యూజియములలో ఉన్నది. పాతదాని పదార్థంతోనే కొత్తది కట్టారు కనుక, నేటి పరిభాషలో దానిని పునర్వినియోగం అని ఎవరైనా అనవచ్చు. కాని ఆ మాటను ఒప్పుకోవడానికి మనసు అంగీకరించదు. ఎందుకు అంగీకరించదన్నదే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

నగర మధ్యంలో ఒక చారిత్రక భవనం ఉన్నది. అది ఇంకా పనిలో ఉన్నది: కార్యాలయమో, ఆసుపత్రియో, గ్రంథాలయమో. జనం పెరిగారు, చోటు చాలడం లేదు. దానికి ఒక భాగం చేర్చాలి. ఆ చేర్పు నీటిని, విద్యుత్తును, పదార్థాన్ని పొదుపుగా వాడేదిగా, దీర్ఘకాలం నిలిచేదిగా కూడా ఉండాలని నేటి కాలం కోరుతున్నది. ఇది ఇంజనీరు తేల్చవలసిన విషయమని మనం సాధారణంగా భావిస్తాం. అంతకన్న ముందు ఇది ఒక ధర్మసందేహమని నా మనవి. మనం కట్టని దానికి మన అవసరం కోసం మరొకటి తగిలించే అధికారం మనకు ఎక్కడినుండి వచ్చింది? ఆ అధికారానికి హద్దు ఏది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో తారసపడినది కాదు. సుమారు పదిహేనేళ్ల క్రితం నేను ఒక జిల్లా కేంద్రంలో చిన్న అధికారిగా ఉండగా, వందేళ్లు దాటిన ఒక కార్యాలయ భవనాన్ని విస్తరించే ఫైలు నా బల్లమీదికి వచ్చింది. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, మద్రాసు మిద్దె, ఉత్తరంవైపు కమానుల వసారా. ఆ వసారాను ఇటుకతో మూసి, లోపలా బయటా సిమెంటు పూసి, రెండు గదులూ ఒక మరుగుదొడ్డీ కట్టాలన్నది ప్రతిపాదన. అవసరం నిజమైనదే. ఆ కార్యాలయంలో పనిచేసే స్త్రీలకు అంతవరకు ప్రత్యేకమైన మరుగుదొడ్డి లేదు. అంచనాలు సక్రమంగా ఉన్నాయి, నిధులు మార్చి నెలాఖరులోగా ఖర్చు కావాలి. ‘ప్రతిపాదనకు అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం చేశాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

మూడేళ్ల తరవాత వేరే పనిమీద ఆ కార్యాలయానికి వెళ్లాను. వసారా వెనుక ఉన్న రికార్డు గదిలో గోడలు నడుము ఎత్తు వరకు చవుడు పట్టి ఉన్నాయి. సున్నపు గోడ నేలలోని తేమను కొంత పీల్చుకుంటుంది. గాలి తగిలే వైపునుండి దానిని వదిలేస్తుంది. ఆ వైపును మేము సిమెంటుతో మూసివేశాము. తేమకు లోపలికి రావడం తప్ప దారి లేకపోయింది. గోడకు ఆనించిన బీరువాలలో పాత భూమి రికార్డుల కట్టలు ఉన్నాయి. ఆ రోజు ఒక వృద్ధ రైతు తన తండ్రి పేరనున్న భూమి తాలూకు నకలు కోసం వచ్చి నిలబడ్డాడు. గుమాస్తా పుస్తకం తెరిచి, పేజీలు అంటుకుపోయాయని చెప్పాడు. ఆయన ఎవరినీ నిందించలేదు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని మాత్రం అడిగాడు. ఆ ఫైలుమీద ఉన్న సంతకం ఎవరిదో ఆయనకు తెలియదు; నాకు తెలుసు.

ఈ ఉదంతాన్ని నేను పాత కట్టడాలను ముట్టరాదనే వాదానికి సాక్ష్యంగా చెప్పడం లేదు. ముట్టకుండా ఉంటే ఆ స్త్రీలకు జరుగుతున్న అన్యాయం కొనసాగేది. అదే మరుగుదొడ్డిని భవనానికి పది అడుగుల దూరంలో, వసారా చివరనుండి ఒక చిన్న కప్పుదారితో కలిపి కట్టి ఉండవచ్చును. ఖర్చు కొంచెం పెరిగేదేమో. ఆ సంగతి అడగాలని నాకు తోచలేదు. గోడ ఎందుకు అంత మందంగా ఉన్నదో, వసారా ఎందుకు ఉత్తరానికి ఉన్నదో, దానిని కట్టినవారు ఏమి ఆలోచించారో విచారించకుండానే దానిమీద అధికారం చెలాయించాను.

మన భాషలో ధర్మకర్త అనే మాట ఉంది. ఆలయ భూములు ఆయన స్వాధీనంలో ఉంటాయి, కాని ఆయనవి కావు. వాటిని అమ్ముకునే హక్కు ఆయనకు లేదు. అయితే వాటిని బీడు పెట్టే హక్కు కూడా ఆయనకు లేదు. పండించి, ఆ ఫలంతో దీపం వెలిగించి, తరవాతివానికి అప్పగించవలసిన బాధ్యత ఆయనది. చారిత్రక భవనం విషయంలో మనం ఉన్న స్థితి ఇదే. కట్టి గతించినవారు ఒకవైపు, ఇప్పుడు దానిని వాడుకునేవారు ఒకవైపు, ఇంకా పుట్టనివారు మరొకవైపు ఉన్నారు. ఈ ముగ్గురిలో ఫైలుమీద తమ అవసరాన్ని రాయించుకోగలవారు మధ్యవారు ఒక్కరే. కనుక మిగిలిన ఇద్దరి పక్షాన మాట్లాడవలసిన భారం ఆ ఫైలును చూసే అధికారిమీద పడుతుంది.

19వ శతాబ్దపు ఐరోపాలో ఈ విషయమై గొప్ప వివాదం జరిగింది. 1849లో జాన్ రస్కిన్, పాత కట్టడాలు మన సొత్తు కావనీ, అవి కట్టినవారికీ రాబోయే తరాలకూ చెందినవనీ వాదించాడు. ఫ్రాన్సులో వయొలె-ల-ద్యూక్, పాత భవనాన్ని ఒక పరిపూర్ణ రూపానికి తేవడమే ఉద్ధరణ అనీ, ఆ రూపం గతంలో ఎన్నడూ లేకపోయినా ఫరవాలేదనీ భావించాడు. పారిస్‌లోని నోత్రదామ్ ఆలయానికి ఆయన చేర్చిన శిఖరం 2019 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతి అయింది. దానిని ఆధునిక రూపంలో కట్టాలా, ఉన్నట్లే కట్టాలా అన్న చర్చ జరిగి, చివరకు ఆయన కట్టినట్లే కట్టారు. ఆలయం 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది. ఒకనాటి చేర్పు నూట అరవై ఏళ్లలో తానే వారసత్వమయింది. నేడు మనం చేర్చేదానికీ అటువంటి భవిష్యత్తు ఉండవచ్చునన్న ఎరుక మనకు ఉండాలి.

1964లో వెనిస్ నగరంలో నిపుణులు రూపొందించిన అంతర్జాతీయ పత్రం రస్కిన్ వైపు మొగ్గింది. చేర్పులు కట్టడం యొక్క ముఖ్యభాగాలను, దాని సమతూకాన్ని, పరిసరాలతో దానికున్న సంబంధాన్ని చెడగొట్టరాదనీ, కొత్తగా చేరినది పాతదానినుండి వేరుగా గుర్తుపట్టేటట్లు ఉండాలనీ అది నిర్దేశించింది. మన దేశంలో 1923లో జాన్ మార్షల్ వెలువరించిన సంరక్షణ నియమావళి కూడా పాత పదార్థాన్ని కాపాడడానికే ప్రాధాన్యమిచ్చింది. ఈ సూత్రం వెనుక ఉన్న నీతి సరళమైనది: చరిత్ర విషయంలో అబద్ధమాడరాదు. నిన్న కట్టిన కమానును నాలుగు వందల ఏళ్ల నాటిదని నమ్మించడం దొంగ శాసనం చెక్కడం వంటిది.

అయితే ఈ సూత్రాన్ని మన దేశంలో యథాతథంగా అన్వయించలేము. మన ఆలయాలు నిరంతరం పెరుగుతూ వచ్చాయి. హంపీ విరూపాక్షాలయానికి కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంలో రంగమంటపాన్ని చేర్చాడు. శ్రీకాళహస్తిలో 1516లో ఆయన కట్టించిన రాజగోపురం 2010 మే నెలలో కుప్పకూలింది. దాని స్థానంలో అదే సంప్రదాయంలో కొత్త గోపురం కట్టి 2017లో ప్రతిష్ఠ జరిపారు. వాస్తుగ్రంథాలలో జీర్ణోద్ధరణ ఒక ప్రత్యేక విషయం. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి కల్యాణమంటపాన్ని రాయి రాయిగా విప్పి, పునాదినుండి తిరిగి నిలబెట్టారు. ఆ పని ఏళ్ల తరబడి సాగి 2024 మార్చిలో మంటపం తెరుచుకుంది. వీటిని అబద్ధాలనగలమా?

అనలేము. ఎందుకంటే అక్కడ శిల్పి విద్య బతికి ఉన్నది, ఆరాధన బతికి ఉన్నది. పాత రూపంలో కట్టినవాడు ఆ రూపాన్ని అనుకరించడం లేదు. తన వంశపు మాటనే మాట్లాడుతున్నాడు. ఇక వలస పాలన నాటి కచేరీ పక్కన కాంక్రీటు చట్రం నిలబెట్టి, దానిమీద ప్లాస్టరుతో ఉత్తుత్తి కమానులు అతికించినవాడు మాట్లాడేది ఎవరి భాష? ఆ కమాను ఏ బరువునూ మోయదు. కాబట్టి చేర్పులోని సత్యం దాని పోలికలో లేదని నాకు తోస్తుంది. అది దాని నిర్మాణంలో ఉంది, దానిని గురించి మనం రాసిపెట్టే లేఖనంలో ఉంది. ఏ రాయి పాతది, ఏ రాయి కొత్తది, ఎవరు ఎందుకు మార్చారు అని నమోదు చేసి ఉంచితే, పోలిక ఉన్నా మోసం ఉండదు.

‘మిలిందపన్హ’లో యవన రాజుకు నాగసేనుడు దీపాన్ని దృష్టాంతంగా చూపుతాడు. రాత్రి తొలిజాములో వెలిగిన జ్వాలా, చివరి జాములోని జ్వాలా ఒకటి కావు, పూర్తిగా వేరూ కావు. భవనం కూడా అటువంటిదే. తలుపులు మారతాయి, మిద్దె మారుతుంది, మనుషులు మారతారు. కొనసాగింపు తెగనంత కాలం అది ఆ భవనమే. చేర్పు ఆ జ్వాలకు నూనె కావచ్చు, దానిమీద బోర్లించిన కుండా కావచ్చు.

ఈ దృష్టితో ఢిల్లీలో నేను తరచుగా చూసే ఒక కట్టడాన్ని పరిశీలిద్దాం. లుట్యెన్స్, బేకర్ల రూపకల్పనతో 1921లో శంకుస్థాపన జరిగి 1927లో ప్రారంభమైన వలయాకారపు పార్లమెంటు భవనం 144 స్తంభాల వసారాతో ప్రసిద్ధమైనది. స్వతంత్ర భారతానికి అది చాలలేదు. 1956లో దానిమీద రెండు అంతస్తులు చేర్చారు. 1970లో మన తెలుగువారైన రాష్ట్రపతి వి.వి. గిరి శంకుస్థాపన చేసిన అనుబంధ భవనం 1975లో పూర్తయింది. అది రోడ్డుకు ఆవలగా విడిగా నిలిచింది. గ్రంథాలయం కోసం రాజ్ రేవాల్ రూపొందించిన భవనం 2002 మే నెలలో ప్రారంభమైంది. చివరకు 2023లో పక్కనే కొత్త పార్లమెంటు భవనం వచ్చింది. పాతది సంవిధాన్ సదన్ అయింది.

ఒకే ఆవరణలో చేర్పు యొక్క పద్ధతులన్నీ కనిపిస్తాయి: నెత్తిన పెట్టడం, దూరంగా కట్టడం, వంగి పక్కన నిలవడం, పూర్తిగా వేరే కట్టుకొని పాతదానికి విశ్రాంతినివ్వడం. 1956 నాటి అంతస్తులు అవసరాన్ని తీర్చాయి గాని, స్తంభాల వలయం పైన ఒక బరువులా కనిపిస్తాయి. గ్రంథాలయ భవనం నాకు వేరే పాఠం చెప్పింది. దాని ఎత్తు పార్లమెంటు భవనపు పీఠం ఎత్తును మించలేదు. రెండు అంతస్తులు నేలలోపలికి వెళ్లాయి. ముంగిళ్లనుండి, గాజు గుమ్మటాలనుండి పగటి వెలుతురు లోపలికి దిగుతుంది. పాత భవనపు ఇసుకరాయి రంగులే దానికీ ఉన్నాయి. కాని గుమ్మటాల ఉక్కు, గాజు తమ కాలాన్ని దాచుకోలేదు. పెద్దవారి ఎదుట తల వంచి నిలబడినవాడు తన పేరు మార్చుకోనక్కరలేదని అది చూపింది. నేలలోపల ఉన్న గదులను వేసవి ఎండ నేరుగా తాకదు. అంటే వినయం కోసం తీసుకున్న నిర్ణయం పొదుపుకూ తోడ్పడింది.

కనాట్ సర్కస్ మరొక పాఠం చెబుతుంది. 1929-33 మధ్య కట్టిన ఆ వలయంలో 2017 ఫిబ్రవరిలో రెండుచోట్ల పైకప్పులు కూలాయి. ఏళ్ల తరబడి మిద్దెలమీదికి చేరిన నీటి తొట్టెలు, యంత్రాలు, భోజనశాలల బల్లల గురించి అప్పుడు అందరూ మాట్లాడారు. ఎవరూ ప్రణాళిక వేయని చేర్పులవి. పెద్ద విస్తరణకు అనుమతులు, సంఘాలు ఉంటాయి. చిన్న చిన్న తగిలింపులకు ఏవీ ఉండవు. పాత కట్టడాలకు వీటివల్ల కలిగే హాని తక్కువ కాదు.

ఇక సుస్థిరత మాట. 1987లో బ్రంట్‌లాండ్ సంఘం ఇచ్చిన నిర్వచనం అందరికీ తెలిసినదే: రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం. రస్కిన్ 1849లో కట్టడాల గురించి అన్నదీ దాదాపు ఇదే. పర్యావరణానికీ వారసత్వానికీ నీతి మూలం ఒకటే అయినా, ఆచరణలో ఈ రెండు శాఖలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. పాతదాన్ని కూల్చి, పైన సౌర ఫలకాలు పరిచి, హరిత భవనమని ధ్రువపత్రం పొందడం నేడు అసాధ్యం కాదు. ప్రపంచం వెలువరించే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు తయారీ వల్లనే వస్తున్నదని అంచనా. ఇటుక బట్టీలు, ఉక్కు కొలుములు దీనికి అదనం. పాత భవనం కోసం ఆ నిప్పు ఎన్నడో మండి ఆరిపోయింది. దానిని కూల్చితే ఆ ఖర్చు వృథా కావడమే గాక, కొత్త నిప్పు రాజేయవలసి వస్తుంది. కొత్త భవనం ఏటా ఆదా చేసే విద్యుత్తు ఆ అప్పు తీర్చడానికే చాలా ఏళ్లు పడుతుంది.

పాత కట్టడాలలో పొదుపు ముందే ఇమిడి ఉన్నది. మందపాటి గోడ మధ్యాహ్నపు వేడిని రాత్రి దాకా ఆపుతుంది. ఎత్తయిన గదిలో వేడిగాలి పైకి చేరి పై కిటికీలగుండా పోతుంది. వసారా ఎండను గోడమీద పడనివ్వదు. మనం చల్లని యంత్రాలు బిగించి, పై కిటికీలు మూసి, అబద్ధపు కప్పులు దించి, ఆపైన ఈ భవనం విద్యుత్తు ఎక్కువ తింటున్నదని దానిమీదే నేరం మోపుతాము. సుస్థిరమైన చేర్పుకు మొదటి పని, పాత భవనం చేయగల పనిని దానిని చేయనివ్వడం. బరువైన యంత్రాలు, నీటి గొట్టాలు, లిఫ్టు, మరుగుదొడ్లు పాత గోడలకు భారం. వాటిని కొత్త భాగంలో పెట్టి, రెంటినీ తేలికైన దారితో కలపవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చే పౌరుడు అప్పుడు పాత భవనపు పై అంతస్తుకు కూడా చేరగలడు. పాత గోడకు తగిలే చోట సున్నమే వాడాలి. ఆ చోటును రేపు విప్పవలసి వస్తే, గోడకు గాయం కాకుండా విప్పగలగాలి.

ఇంతవరకు చెప్పినది సుఖంగా సాగే వాదం. దీనికి గట్టి పరీక్ష హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబరులో మూసీ వరద అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ తరవాత ఏడవ నిజాము పాలనలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో మూసీ తీరాన నేటి భవనం లేచి 1925 నాటికి పూర్తయింది. వరదలో సర్వం కోల్పోయిన నగరం, బీదల కోసం కట్టుకున్న మహాసౌధమది. తరవాతి దశాబ్దాలలో ఆవరణలో విడివిడిగా బ్లాకులు వెలిశాయి. ప్రధాన భవనానికి మాత్రం తగిన మరమ్మతులు అందలేదు. 2015లో దానిని కూల్చి బహుళ అంతస్తుల భవనాలు కట్టాలన్న ప్రతిపాదన రాగా తీవ్రమైన నిరసన వచ్చింది. మరమ్మతు చేస్తే అది నిలుస్తుందని సంరక్షణ నిపుణులు చెప్పారు. 2020 జులైలో వాననీరు వార్డులలోకి వచ్చింది. భవనాన్ని ఖాళీ చేసి మూసివేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

వారసత్వ ప్రియులమైన మనం ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. మోకాటిలోతు నీటిలో మంచాలమీద పడుకున్న రోగికి గుమ్మటాల సౌందర్యాన్ని గురించి చెప్పే అర్హత ఎవరికీ లేదు. చికిత్సా, కట్టడమూ నిజంగా ఎదురెదురుగా నిలిస్తే చికిత్సే నెగ్గాలి. కాని అవి అలా ఎదురుపడేటట్లు చేసింది ఎవరు? వాన కొత్తది కాదు. మిద్దెలమీద మొక్కలు ఒక్క రాత్రిలో మొలవవు. నీటి కాలువలు ఒక్క రోజులో పూడవు. ఏటా చేయవలసిన చిన్న మరమ్మతు ఏళ్ల తరబడి ఆగిపోయినందువల్లనే, చివరికి రోగి ప్రాణమా గుమ్మటమా అన్న క్రూరమైన ప్రశ్న పుట్టింది. ఉపేక్ష కూడా ఒక రకమైన కూల్చివేతే. దానికి ఎవరూ సంతకం చేయరు, అంతే తేడా.

నేటి అత్యవసర వైద్యానికి కావలసిన వాయునాళాలను, భారీ పరికరాలను వందేళ్ల వార్డులలో ఇరికించడం సాధ్యమైనా వివేకం కాదు. వాటికి వేరే చోట కొత్త భవనం కట్టడం న్యాయమే. అయితే అంతటితో ధర్మం తీరదు. ఖాళీ అయిన పాత భవనానికి ఒక పని కావాలి. పని లేని కట్టడానికి బడ్జెట్టులో పద్దు ఉండదు. పద్దు లేనిదానికి కాపలా ఉండదు. బయటి రోగుల సేవ, వైద్యవిద్యార్థుల తరగతులు, వైద్య చరిత్ర ప్రదర్శన వంటి, ఆ గోడలు భరించగల పనులు దానికి ఇవ్వాలి. అందుకు కావలసిన లిఫ్టూ, నీటి వసతీ ఒక చిన్న చేర్పుగా రావాలి. ఇక్కడ చేర్పు పాతదానికి హాని కాదు, ఆయుర్దాయం.

ఇటువంటి ప్రయత్నానికి మన వద్ద ఒక నమూనా లేకపోలేదు. విజయవాడ బందరు రోడ్డులో 1887లో కట్టిన విక్టోరియా జూబిలీ భవనం 1962నుండి పురావస్తు ప్రదర్శనశాల. 1921లో కాంగ్రెసు సమావేశాలు విజయవాడలో జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనాను సమర్పించిన ఘట్టంతో ఆ ఆవరణకు సంబంధం ఉన్నది. 2020లో దానిని బాపు మ్యూజియం పేరిట తిరిగి తెరిచినప్పుడు, పాత కట్టడాన్ని నిలిపి, పక్కన కొత్త భవనాన్ని ప్రదర్శనలకు జోడించారు. రాణి పేరుతో మొదలై బాపు పేరుకు చేరిన ఆ ఆవరణలో, పేరు మారినంత మాత్రాన పాత గోడను మార్చనక్కరలేదని తెలుస్తుంది.

చట్టం తన పని కొంత చేసింది. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణ నిషేధాన్నీ, ఆపైన 200 మీటర్ల వరకు నియంత్రణనూ 2010 నాటి సవరణ చట్టంలో పొందుపరచింది. హైదరాబాదులో 1995లో వచ్చిన వారసత్వ నిబంధన 2015లో తొలగిపోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాని చట్టం హద్దులు గీయగలదు గాని, ఆ హద్దుల లోపల ఎలా మెలగాలో నేర్పలేదు. రక్షిత జాబితాలకు ఎక్కని వందలాది కచేరీలు, పాఠశాలలు, రైలు స్టేషన్లు మన చిన్న పట్టణాలలో ఉన్నాయి. వాటి భవితవ్యం నేను ఒకనాడు రాసినటువంటి ఒక్క వాక్యంతో తేలిపోతుంది.

అందుకని అటువంటి ఫైలు వచ్చినప్పుడు నేను ఇప్పుడు కొన్ని సంగతులు అడుగుతున్నాను. ఈ అవసరం ఇక్కడే తీరాలా, పక్కన తీరదా? ఉన్న గదులలో వాడకుండా పడి ఉన్నవి ఎన్ని? కొత్త భాగం నీడ, నీరు, బరువు పాతదానిమీద ఎక్కడ పడతాయి? వానాకాలంలో ఎవరైనా వెళ్లి ఆ గోడను చూశారా? దీనిని రేపు విప్పవలసి వస్తే పాతది చెక్కుచెదరకుండా ఉంటుందా? కట్టిన తరవాత ఏటా దీనిని చూసుకునే ఖర్చు ఏ పద్దు కింద వస్తుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకుండా వచ్చే ఫైళ్లే ఎక్కువ. జవాబు వచ్చేవరకు వాటిని తిప్పి పంపుతాను. జాప్యం చేస్తున్నానన్న మాట పడుతున్నాను. జాప్యానికి కూడా మూల్యం ఉంటుందనీ, ఆ మూల్యం చెల్లించేది నేను కాదనీ నాకు తెలుసు. కనుక తిప్పి పంపే ప్రతి ఫైలుమీదా, ఈలోగా చేయవలసిన తాత్కాలిక ఏర్పాటు ఏమిటో కూడా రాయడం అలవాటు చేసుకున్నాను.

ఇంత శ్రద్ధ మన పేద దేశానికి తలకు మించిన భారమని కొందరు మిత్రులంటారు. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం. దొరికినా కూలి ఎక్కువ, రోజులు ఎక్కువ. నిజమే. కాని ఆ ఖర్చులో చాలా భాగం మనిషి చేతికి అందుతుంది. మనం పని ఇవ్వకపోతే ఆ విద్య ఒక తరంలో అంతరిస్తుంది. అటు తరవాత ఎంత ధనమున్నా, కరక్కాయ, బెల్లం నీటితో సున్నం నూరి పూసే చేయి దొరకదు. కట్టడంతో పాటు దానిని నిలిపే విద్యను కూడా కాపాడగలిగినప్పుడే మనం చేసిన చేర్పు సుస్థిరమని చెప్పుకోవచ్చు.

సాయంత్రం రైలు దిగి మా వైశాలిలో ఇంటికి నడుస్తున్నప్పుడు, ఇరుపక్కలా అపార్టుమెంట్ల బాల్కనీలు గాజుతో, ఇనుముతో, రేకులతో మూసి గదులుగా మార్చుకున్నవి కనిపిస్తాయి. మా ఇంటి బాల్కనీ కూడా మూసే ఉన్నది. పిల్లవాడి చదువుకు చోటు కావలసి వచ్చింది, నేనే మూయించాను. మూసిన ఏడాదే లోపలి గది గోడకు చెమ్మ వచ్చింది. మొన్న ఆదివారం ఒక పలకను విప్పించి కిటికీ పెట్టించాను. చెమ్మ ఆరడానికి ఇంకా కొంతకాలం పడుతుందని మేస్త్రి చెప్పాడు.